పాడిన స్వరం ఎక్కడికి పోతుంది

పాట ఆగాక ఆ స్వరం ఏమవుతుంది? మన దేశంలో మీమాంస, న్యాయ దర్శనాల వాళ్లు, అంటే మీమాంసకులూ నైయాయికులూ, వందల ఏళ్లు దీని మీద వాదించుకున్నారు. వాళ్ల మాటల్లో చెప్పాలంటే, శబ్దం నిత్యమా, అనిత్యమా అని. వాళ్ల పట్టుదలంతా వేదం గురించి. వేదం ఎవరూ చేసింది కాదు, ఎప్పుడూ ఉన్నదే అని నిలబెట్టాలంటే మీమాంసకులకు శబ్దం నిత్యం కావాలి. ఈశ్వరుడు చెప్పాడు గనుక వేదం ప్రమాణం అనే నైయాయికులకు శబ్దం పుట్టి పోయినా ఇబ్బంది లేదు.

నాకు ఈ వాదం వేదం కోసం కాక, గొంతు కోసం కావలసివచ్చింది. నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఇందుకూరుపేట పక్కన మా ఊరు. కచేరీలు చేశాను, ఉత్సవాలకు పిలిస్తే ఇప్పటికీ పాడతాను, పిల్లలకు గాత్రం చెబుతాను. వయసు పైబడితే ఆడవాళ్ల గొంతు కిందికి దిగుతుంది. ఒకప్పుడు అయిదున్నర శ్రుతికి పాడినదాన్ని ఇవాళ నాలుగున్నర పెట్టుకుంటున్నాను. తారస్థాయి పంచమం మీద అప్పట్లో నిలబడిన తీరు ఇప్పుడు గొంతుకు అందదు. చెవికి మాత్రం అది బాగా గుర్తుంది. గుర్తున్నది ఎక్కడుంది, అందనిది ఎక్కడికి పోయింది అని ఆలోచిస్తూ పోతే శాస్త్రం తలుపు తట్టక తప్పలేదు.

నైయాయికుల మాట ముందు చెబుతాను. పాడేవాళ్లకు మొదట నిజమనిపించేది అదే. శబ్దానికి మొదలుంది. ప్రయత్నం చేస్తే పుడుతుంది, పుట్టిన కాసేపటికి ఉండదు. లోకం కూడా శబ్దం చేశాడనే అంటుంది. తెల్లవారుజామున మంద్రస్థాయిలో అకారం పట్టే పిల్లను చూస్తే ఇది కాదనడం కష్టం. ఊపిరి నిండా తీసుకోవాలి, దాన్ని పొదుపుగా వదలాలి, మెడ నరాలు బిగుసుకోకుండా చూసుకోవాలి. నిన్న బాగా కుదిరిన షడ్జమం ఇవాళ్టికి మిగలదు. మళ్లీ మొదటినుంచి పుట్టించుకోవాలి.

మీమాంసకులకు మూలమైన జైమిని సూత్రాలకు శబరస్వామి రాసిన భాష్యం, ఆ తరువాత ఏడో శతాబ్దంలో కుమారిలభట్టు చేసిన వాదం ఇంకో దారి పడతాయి. ప్రయత్నం శబ్దాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని బయటపెడుతుంది. చీకటిగదిలో దీపం కుండను చేయదు, చూపిస్తుంది. ఒక మనిషి గోవు అనే మాటను ఎనిమిది సార్లు పలికితే ఎనిమిది మాటలు పలికాడని ఎవరూ అనరు, ఒకే మాటను ఎనిమిది సార్లు పలికాడంటారు. ఇది చదివినప్పుడు నాకు మా ఇంటి వసారాయే కళ్ల ముందు కనపడింది. పిల్లలందరూ తలా ఒక గొంతుతో గాంధారం పట్టుకుంటే, ఇంతమంది ఇన్ని గాంధారాలు పాడారని నేననను. ఒక్క గాంధారాన్నే ఇద్దరు సరిగ్గా పట్టారు, మిగతావాళ్లు దాని దరిదాపుల్లో ఉన్నారంటాను. తక్కువైందనో ఎక్కువైందనో నేను చెప్పగలుగుతున్నానంటే, వాళ్లలో ఎవరూ నోరు తెరవకముందే గాంధారం ఒకటి ఉండాలి. అది లేకపోతే నా దిద్దుబాటుకు ఆధారమే లేదు.

అదే సూత్రాల్లో నన్ను ఎక్కువగా పట్టుకున్న వాదం వేరే ఉంది. ఉచ్చారణ ఎప్పుడూ ఎదుటివాడి కోసం. తన మనసులోది తనకు తెలియడానికి ఎవరూ నోరు తెరవనక్కర్లేదు. పలికిన మాట పలికినచోటే నశిస్తే ఎదుటివాడికి అందేదేమీ ఉండదు, కాబట్టి అది నిలిచేదే కావాలి అంటాడు జైమిని. నిత్యత్వాన్ని ఆయన దేవుడి మీదా ఆకాశం మీదా నిలబెట్టలేదు, వినేవాడి మీద నిలబెట్టాడు. ఎన్నో కచేరీల తరువాత, ఎందరో పిల్లల తరువాత ఈ మాట ఎంత సరైనదో నాకు ఒంటికి తెలుస్తోంది.

అయితే ఇక్కడే మా లాంటివాళ్లకు దెబ్బ తగిలే చోటు కూడా ఉంది. పదిమంది కలిసి ఒక మాటను అంటే అది పెద్దదవుతుంది కదా, పెరిగేది నిత్యమెట్లా అవుతుందని ఎదుటిపక్షం అడుగుతుంది. పెరిగింది నాదమే గాని శబ్దం కాదని జైమిని జవాబు. బిగ్గరగా, మెల్లగా, తియ్యగా, బొంగురుగా ఉండటం అంతా ధ్వని పని. ధ్వని గాలి కదలిక. అది పుడుతుంది, పోతుంది, దాని పని బయటపెట్టడం వరకే. అంటే రెండు పక్షాలూ దేన్ని నశించేదని ఒప్పుకున్నాయో అదే మా బతుకు. గొంతులోని జీర, తీపి, కమ్మదనం, దూరం నుంచి వినగానే ఫలానావాళ్లని గుర్తుపట్టించే ఆ గుణం, దీన్ని కాపాడటానికి నైయాయికుడూ రాడు, మీమాంసకుడూ రాడు.

పాశ్చాత్య ఒపేరాలో సొప్రానో గురించి నేను తెలుసుకోవాలనుకున్నది దీని వల్లనే. ఆడగొంతుల్లో అన్నిటికంటే పై వరుస అది. మైకు లేకుండా, ఎదురుగా మోగే వాద్యబృందాన్ని దాటుకుని, పెద్ద హాలు చివరి వరస దాకా గొంతు చేరాలి. సొప్రానోలు అందుకునే పై 'సి' స్వరం సెకనుకు దాదాపు 1046 కంపనాలు. మన సంగీతంలో అయిదున్నర శ్రుతికి పాడే ఆడమనిషి తారస్థాయి పంచమం దాకా పోయినా 622 దగ్గర ఆగుతుంది. ఈ తేడా వల్ల జరిగేది ఆశ్చర్యంగా ఉంటుంది. అచ్చుల్ని వేరుచేసేది గొంతు కాదు, నోటి కుహరం. నాలుక, పెదవులు, దవడ కదిలినదాన్ని బట్టి నోరు కొన్ని కంపనాలను పెంచి చూపిస్తుంది. ఈ, ఊలలో ఆ మొదటి పెంపు 300 దరిదాపుల్లో, ఆ అనేటప్పుడు 800 దరిదాపుల్లో ఉంటుంది. పాడే స్వరమే అంతకు పైకి పోతే ఆ గుర్తు చూపించడానికి అక్కడ కంపనాలే ఉండవు. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ 1970లలో కొలిచి చూపించినదేమంటే, సొప్రానోలు పైకి పోయేకొద్దీ దవడ దించి నోరు తెరుస్తారు, అట్లా నోటి పెంపును కూడా స్వరంతో పాటు పైకి జరుపుతారు. గొంతు చించుకోకుండానే స్వరం బలంగా వస్తుంది. మాట మాత్రం పోతుంది. ఆ ఎత్తులో ఏ అచ్చు పాడినా ఇంచుమించు ఒకేలా వినపడుతుంది.

మా పిల్లలకు కూడా ఇది కొంచెంగా తెలుసు. తారస్థాయిలో ఈకారం మీద ఆగమంటే మొహం బిగుస్తుంది, అకారం మీద అయితే విచ్చుకుంటుంది. కానీ మాకు మాట చెడితే పాటే చెడినట్టు. సాహిత్యం వినపడకుండా త్యాగరాజస్వామిని పాడటం నేను ఒప్పుకోను. సొప్రానో శిఖరం దగ్గర మాట కరిగిపోయి ఉత్త గొంతు మిగిలినప్పుడే హాల్లో జనం కళ్లు తుడుచుకుంటారు. శాస్త్రం నశించేదని పక్కన పెట్టినదాని కోసం వాళ్లు ఏడుస్తున్నారు. దాన్ని నేను తప్పనలేను. రికార్డుల్లో విన్నప్పుడు నాకూ అలాగే అయింది.

ఆ రికార్డులు ప్యాట్రీషియా రొజారియోవి. ఆవిడ బొంబాయిలో గోవా క్రైస్తవ కుటుంబంలో పుట్టి, లండన్‌లో గిల్డ్‌హాల్ సంగీత పాఠశాలలో చదువుకున్నారు. ఒపేరా వేదికల మీద పాడే రోజుల్లో స్వరకర్త జాన్ టావెనర్ ఆవిడ గొంతు విని, ఆ గొంతు కోసమే ఎన్నో రచనలు చేశారు. టావెనర్ 1977లో ఆర్థడాక్స్ క్రైస్తవంలో చేరిన మనిషి. సంగీతం ప్రార్థన కాకపోతే దాంతో తనకు పని లేదనుకున్నవాడు. 1992లో ఆల్డ్‌బరో ఉత్సవంలో ఆయన ఒపేరా 'మేరీ ఆఫ్ ఈజిప్ట్' మొదటిసారి ఆడినప్పుడు మేరీ పాత్ర ఆవిడదే. ఒళ్లమ్ముకుని బతికిన స్త్రీ దేవుడి పిలుపు విని ఎడారిలోకి పోయి, నలభై ఏడేళ్లు ఒంటరిగా తపస్సు చేసిందని ఆ సంప్రదాయంలో కథ. మన చింతామణి కథ తెలిసినవాళ్లకు ఇది పరాయిగా ఉండదు. 2003లో లండన్ టెంపుల్ చర్చిలో టావెనర్ రచన ఒకటి రాత్రంతా, దాదాపు ఏడు గంటలు సాగింది. అందులో గ్రీకు, సంస్కృతం, ఇంకా వేరే భాషల ప్రార్థనలు కలిశాయి. ఆ రాత్రి సొప్రానో గొంతు కూడా ఆవిడదే. ఎస్తోనియా స్వరకర్త ఆర్వో పేర్ట్ కూడా ఆవిడ కోసం రాశారు.

ఒక మనిషి గొంతు కోసం రాసిన సంగీతం ఆ మనిషి పాడటం ఆపాక ఏమవుతుంది? వేరేవాళ్లు పాడతారు. కాగితం మీద స్వరాలు నిత్యం, వాటికి మొదట ప్రాణం పోసిన ధ్వని అనిత్యం అనుకుంటే మీమాంస అక్కడ సరిపోతుంది. కానీ ఆవిడ 2009 నుంచి భర్త, పియానిస్టు మార్క్ ట్రూప్‌తో కలిసి చేస్తున్న పని చూస్తే ఇంకొకటి తోస్తుంది. 'గివింగ్ వాయిస్ టు ఇండియా' అని పేరు పెట్టుకుని, లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో పాఠాలు చెబుతూనే, మన దేశానికి వచ్చి ఇక్కడి పిల్లలకు ఆ గాత్రవిద్య నేర్పుతున్నారు. తాను చదువుకునే రోజుల్లో దానికోసం సముద్రాలు దాటవలసివచ్చింది. ఇప్పుడు తానే దాటి వస్తున్నారు. ఆ పిల్లలకు ఆవిడ గొంతు రాదు, రాకూడదు కూడా. వాళ్ల గొంతు వాళ్లకు దొరికే దారి మాత్రం వస్తుంది.

మా దగ్గరికి వచ్చే తల్లులు అడిగే మొదటి మాట దీనికి నేరుగా అడ్డుపడుతుంది. పట్టపుపాలెం నుంచి ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చి, "మా పాపకి దేవుడు గొంతిచ్చుండాడో లేదో చూసి చెప్పు టీచరమ్మా, ఇయ్యకుంటే ఊరికే తిప్పేదెందుకు" అంది. ఈ మాట అడిగినందుకు ఆవిడను నేనేమీ అనను. తరాలుగా ఎవరికి గొంతుందో ఎవరికి లేదో వేరేవాళ్లే తేల్చారు. కొన్నిచోట్ల గొంతున్నా పాడనివ్వలేదు. తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధి మీద సొంత డబ్బుతో గుడి కట్టించి 1925లో ప్రతిష్ఠ చేయించిన బెంగుళూరు నాగరత్నమ్మకే అక్కడ ఏటా జరిగే ఆరాధనలో పాడేందుకు చోటు లేకపోయింది. ఆడవాళ్లను కూడగట్టి ఆవిడ వేరుగా పాడించింది. 1940 ప్రాంతానికి గాని అందరూ ఒకచోట చేరలేదు. దేవుడిచ్చిన గొంతని మనం ఎంత గట్టిగా అంటామో, దేవుడి ముందు దాన్ని విప్పనివ్వడంలో అంత పిసినారితనం చూపించాం.

పదమూడో శతాబ్దంలో దేవగిరిలో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఈ విషయం తీసుకున్నాడు. సాధన లేకపోయినా రాగాన్ని పలికించగల శక్తి కొందరికి శరీరంతోనే పుడుతుందని ఆయన ఒప్పుకుంటాడు. మా గాత్రం వాళ్లం ఇప్పటికీ ఫలానావారికి మంచి శారీరం ఉందంటాం, ఆ మాట ఆయన కాలం నాటిదే. అంతటితో ఆగి ఉంటే ఆ తల్లి ప్రశ్నకు జవాబు దొరికినట్టే, అదృష్టం ఉంటే ఉంది, లేకపోతే లేదు. కానీ అది ఎట్లా లభిస్తుందో కూడా చెప్పాడు. తపస్సు, శివభక్తి, గొప్ప భాగ్యం, ఇవన్నీ ఆ వరసలో ఉన్నాయి. వాటన్నిటికంటే ముందు పెట్టింది విద్యాదానం. ఇంకొకరికి విద్య చెప్పినందువల్ల మంచి గొంతు వస్తుందట! గాయకుల్లో ఐదు రకాలు చెబుతూ కూడా లోటు లేకుండా నేర్పగలవాణ్నే ముందు పేర్కొన్నాడు. ఇతరులను అనుకరించేవాడు, రసం తెలిసినవాడు, రంజింపజేసేవాడు, భావంతో పాడేవాడు ఆ తరువాత వస్తారు.

విద్యాదానం ఫలం పూర్వజన్మదని నమ్మేవాళ్లు అట్లాగే నమ్మవచ్చు. నేను మాత్రం దాన్ని ఈ జన్మలోనే చూశాను. ఊపిరి ఎక్కడ ఆగుతోందో పిల్లకు చూపించాలంటే ముందు నాలో అది ఎక్కడ ఆగుతోందో వెతకాలి. పాడి మెప్పించిన రోజుల్లో నా గొంతు నాకు ఇంతగా తెలియదు. శ్రుతి దిగిపోయిన తరువాత, చెప్పడం ఎక్కువైన తరువాత తెలిసింది. ఆ తల్లికి నేనిచ్చిన జవాబు ఇదే. పిల్లను రేపటినుంచి పంపు, దేవుడు ఇచ్చిందీ లేనిదీ నేర్పితే గాని నాకూ తెలీదన్నాను. రొయ్యల గుంటల పక్కన పుట్టిన ఆ పిల్ల రాత్రంతా తిరిగే ఏరియేటర్ల మోతలో శ్రుతి పట్టుకుని కూనిరాగం తీసుకునేదని తరువాత తెలిసింది. షడ్జమం తను వచ్చేటప్పుడే వెంటతెచ్చుకుంది.

మైపాడు ఒడ్డుకు తీసుకుపోయి సముద్రం వైపు తిరిగి పాడమంటాను అప్పుడప్పుడూ. అల విరిగే హోరులో పై కంపనాలు, కింది కంపనాలు అన్నీ కలిసి ఉంటాయి, అందుకే అది ఏ గొంతునైనా మింగేస్తుంది. కొత్తవాళ్లు కేకలు పెడతారు. కాసేపటికి గొంతు గీరుకుపోతుంది. పక్కనున్న పిల్లకు వినపడితే చాలు, సముద్రానికి వినిపించనక్కర్లేదని చెబుతాను. అప్పుడు శరీరం వదులవుతుంది, స్వరం కుదురుతుంది. ఎదుటివాడి కోసమే ఉచ్చారణ అన్న జైమినిని నేను పిల్లలకు చెప్పే పద్ధతి ఇది.

నెల్లూరులో గొంతు గురించి మాట్లాడుతూ గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారిని తలవకుండా పోలేను. హరికథలు చెప్పిన సాంబమూర్తి గారి కొడుకు ఆయన. హరికథంటే ఒక్క మనిషే అన్ని పాత్రలూ అయి పాడుతూ, ఆడుతూ, వ్యాఖ్యానం చెప్పే విద్య. మనకు ఒపేరాకు దగ్గరగా వచ్చేది అదే. ఆయన 2020 సెప్టెంబరు 25న పోయారు. ఆ రోజు పోయింది ఏమిటి? ఆయన పాట ఇవాళ పొద్దున కూడా టీ అంగట్లో విన్నాను. రికార్డు ధ్వనిని నిత్యం చేసేసిందని, జైమిని గాని, న్యాయసూత్రాల గౌతముడు గాని ఊహించనిది జరిగిందని అనిపించవచ్చు. నాకు అట్లా తోచదు. రికార్డులోని గొంతు ఊపిరి తీసుకోదు, ఎదుటివాణ్ని చూసి మారదు. 'పాడుతా తీయగా' టీవీ కార్యక్రమంలో 1996 నుంచి ఆయన ముందు నిలబడిన పిల్లలకు శకారం, షకారం, ఒత్తులు దిద్దిపెట్టింది బతికున్న గొంతు. పిల్ల ఎక్కడ తడబడుతోందో విని, అక్కడికక్కడ తాను పాడి చూపించిన గొంతు. ఆయన గొంతును యంత్రంతో పుట్టించి ఒక సినిమాలో వాడారని ఆయన కుమారుడు చరణ్ 2024లో లీగల్ నోటీసు పంపారు. వార్త చదివి చాలా బాధపడ్డాను. జీర అదే, తీపి అదే కావచ్చు, కానీ ఎవరి కోసమూ ఎవరూ నోరు తెరవలేదక్కడ.

పోవడానికి కొన్ని నెలల ముందు, 2020 ఫిబ్రవరిలో, నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని ఆయన కంచి పీఠానికి వేదపాఠశాల కోసం ఇచ్చేశారు. శబ్దం నిత్యమని నమ్మేవాళ్లు వేదాన్ని పుస్తకంలో దాచుకోలేదు, గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి, ఉదాత్త అనుదాత్తాలు చెడకుండా చేరవేసుకున్నారు. నిత్యమైతే కాపాడేదెందుకని నాకు చాలాకాలం సందేహం. దేవుడు ఇచ్చాడనుకున్నదాన్ని మనిషి ఇంకో మనిషికి ఇవ్వకపోతే అది నిత్యమైనా ఎవరికీ వినపడదు, అంతే.

త్యాగరాజస్వామి గొంతు ఎట్లా ఉండేదో ఇవాళ ఎవరికీ తెలీదు. ఆయన 1847లో పోయారు, గొంతును పట్టి మళ్లీ వినిపించే యంత్రం 1877లో గాని రాలేదు. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యుల నోళ్ల మీదుగా కృతులు నడిచివచ్చాయి, ఒక్కో దారిలో ఒక్కో పాఠాంతరంతో. పాఠాంతరాలు వేరైనంత మాత్రాన కృతి పోలేదు. శ్రీపాద పినాకపాణి గారిని కూడా ఇక్కడ తలుచుకుంటాను. కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడు, రోగులను చూసే డాక్టరు. నేదునూరి, ఓలేటి, నూకల వంటివారికి చెప్పి, గమకాలతో సహా కృతులను 'సంగీత సౌరభం' సంపుటాల్లోకి ఎక్కించారు. 1983లో సంగీత కళానిధి అయ్యారు, దాదాపు నూరేళ్లు బతికారు. కచేరీ గాయకుడిగా కంటే ఆయన ఎక్కువగా శిష్యుల గొంతుల్లోనే వినపడ్డారు. వాళ్లలో ఏ ఇద్దరి గొంతూ ఒకటి కాదు, అయినా ఆ పాఠం ఎక్కడిదో చెవి గుర్తుపడుతుంది.

నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు జువ్వలదిన్నె వైపు చర్చి క్వయర్ పిల్లలకు చెబుతోంది. 1840లో నెల్లూరికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టుల దగ్గరనుంచి ఈ తీరమంతా చర్చి పాట ఉంది. మన క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయి గనుక పిల్లలకు సరళీ స్వరాలు, జంటలు, వర్ణం దాకా చెబుతోంది. మొన్న వాళ్లను మా ఇంటికి తెచ్చి మోహన వర్ణం పాడించింది. ముక్తాయి స్వరంలో నేను ఒకే ఊపిరిలో చెప్పిన చోట వాళ్లు మధ్యలో చిన్నగా ఊపిరి తీసుకున్నారు. ఎందుకు మార్చావని అడిగాను.

"చిన్నోళ్లకి ఊపిరి చాల్లా టీచరమ్మా. చివర్లో గాంధారం కిందికి జారిపోతా ఉంది. ఇట్ట పెడితే నిలస్తా ఉంది, చూడండి" అని ఒక పిల్ల చేత రెండు రకాలుగానూ పాడించింది. తను చెప్పింది నిజమే. రెండోసారి గాంధారం కదలకుండా నిలిచింది. ఆ చోట ఆగి ఊపిరి తీసుకోవాలని నా గురువు నాకు చెప్పలేదు, నేనూ ఈ అమ్మాయికి చెప్పలేదు. ఈ వారం నుంచి మా ఇంట్లో చిన్నపిల్లలకు ఆ వర్ణం అట్లాగే చెబుతున్నాను. గొంతు నిలదొక్కుకున్న పెద్దవాళ్లకు మాత్రం పాత పద్ధతే.